అచ్చులు లేని మాట

మా యూదుల సమాజమందిరంలో మగవాళ్ళు పైన కూర్చుంటారు, ఆడవాళ్ళం కింద. కింద అంటే నేలమాళిగలో. వాళ్ళ పాదాలకీ మా తలలకీ మధ్య ఒక చెక్క కప్పు, దాని నడుమ ఇనుప ఊచలు బిగించిన కంత. దేవుడి మాట పైనుంచి ఆ కంతలోంచే మా మీదికి దిగుతుంది. దాంతోపాటు చెప్పుల మట్టి, చలికాలంలో తుమ్ములు కూడా దిగుతాయి.

దిగిన మాటని మాకు విడమరిచి చెప్పేది బోనదోన పెద్దమ్మ. పవిత్ర భాష హీబ్రూ మాలో చాలామందికి ప్రార్థనల మేరకే వచ్చు. పెద్దమ్మకి అంతకంటే ఎక్కువ వచ్చునని ఊరంతా నమ్మేది, ఊరికంటే గట్టిగా పెద్దమ్మ నమ్మేది. కంత కింద ముక్కాలిపీట వేసుకుని, మెడ పైకి చాచి, పైన ఒక వాక్యం పడగానే కింద దాన్ని మా ఇంటి భాషలో అందించేది. సరిగ్గా వినపడకపోయినా ఆగేది కాదు. ఆగితే వినపడలేదని తెలిసిపోతుంది గదా.

ఆ వేసవిలో మా మేనత్త పెద్దకొడుకు పెళ్ళి జరిగింది. పెళ్ళి తర్వాతి సబ్బాతునాడు ఇంటివాళ్ళలో చదువుకున్నవాడెవడైనా లేచి ప్రసంగించడం ఆచారం. ఆ ఇంట్లో చదువుకున్నవాడు పెళ్ళికొడుకు తమ్ముడు ఫెర్రియర్. నాకు బావ. అప్పటికి ఇరవై మూడేళ్ళు. పర్ణశాలల పండుగ వెళ్ళాక నాకూ అతనికీ పెళ్ళి అనుకున్నారు. నాకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. అడగకుండానే ఇష్టం కావడం నా అదృష్టం.

ఆ ప్రసంగాన్ని బావ ముందు నాకే అప్పజెప్పాడు. మా నాన్నది తోళ్ళ పని. మేకతోళ్ళు నానబెట్టి, గీకి, సాగదీసి రాతకు పనికొచ్చే చర్మపత్రాలు చేస్తాడు. నేను పెరట్లో తోలు గీకుతుంటే, బావ సున్నపు తొట్టి పక్కన ముక్కు మూసుకుని నిలబడి చెప్పేవాడు.

"చూడు మైరోనా, ప్రపంచంలో ప్రతిదానికీ రెండు ఉంటాయి. ఒకటి పదార్థం, రెండోది రూపం. కుండ ఉందనుకో. మట్టి పదార్థం. కుండ ఆకారం రూపం. అట్లాగే అబ్రాహాము తండ్రి రూపం, శారా తల్లి పదార్థం. అర్థమైందా?"

"అయితే శారా తల్లి మనిషి కాదా బావా?"

"మనిషే. కానీ గూఢార్థంలో పదార్థం."

"మరి మన పెళ్ళయ్యాక నేనేమిటి?"

"నువ్వు మధ్యలో ఆపకు. మర్చిపోతాను."

పదార్థాన్ని పవిత్ర భాషలో హోమెర్ అంటారు. గాడిదను హమోర్ అంటారు. మా రాతలో అచ్చులుండవు, హల్లులే. తొందరలో రాస్తే రెండూ హ, మ, ర, అంతే. ఏది హోమెరో ఏది హమోరో చదివేవాడు సందర్భం చూసి తెలుసుకోవాలి. సందర్భం చూడటమనేది మా ఊళ్ళో ఎక్కువమందికి అలవాటు లేని పని.

సబ్బాతునాడు బావ గొంతు బాగానే పలికింది. కానీ పైన ఉక్కపోత. పెళ్ళివారి ఇంట్లో చేపలు, వేయించిన శనగలు, కొత్త ద్రాక్షారసం దండిగా తిని తాగి వచ్చిన మగవాళ్ళు ఎవరి గోడకు వాళ్ళు జారగిలబడ్డారు. కంతలోంచి బావ మాట కంటే గురక ఎక్కువ దిగుతోంది. ఆ గురకల మధ్యనుంచి "శారా తల్లి" అన్నది స్పష్టంగా వచ్చింది. తర్వాతి మాట సగం వచ్చింది.

బోనదోన పెద్దమ్మ ఆగలేదు. "శారా తల్లి గాడిద అంటున్నాడు" అని అందించింది.



"ఏవన్నాడూ?"

"గాడిదట. మన తల్లి. తొంభై ఏళ్ళకు బిడ్డను కన్న మహాతల్లి!"

"ఎవరి కొడుకూ వీడు? వాళ్ళమ్మ ఇక్కడే ఉందిగా, ఏమమ్మా, ఇదేనా కొడుక్కి నేర్పింది?"

మా మేనత్త ఏడవడం మొదలుపెట్టింది. నేను లేచి, "పెద్దమ్మా, అతను పదార్థం అన్నాడు" అన్నాను.

"నువ్వు కూర్చోవే. చేసుకోబోయేవాణ్ణి వెనకేసుకు రాకపోతే ఎవర్ని వెనకేసుకొస్తావులే. పదార్థం ఏవిటి, పదార్థం? శారా తల్లి ఏవన్నా వంకాయ కూరా?"

కూర్చున్నాను. నా మాట సహజంగానే చిన్నది. పెద్దమ్మ మాట కంత లేకపోయినా పైకి పోతుంది.

ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ భార్యలు భర్తల్ని అడిగారు. "అంత మాటంటే మీరంతా నోరు మూసుకుని ఎలా కూర్చున్నారండీ?" అని. ఇక్కడ మగవాళ్ళకు రెండే దారులు. నిద్రపోయామని ఒప్పుకోవడం, లేదా విన్నామని ఒప్పుకోవడం. సమాజమందిరంలో, సబ్బాతునాడు, పెళ్ళి ప్రసంగంలో నిద్రపోయామని భార్యకు చెప్పుకోగల మగవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. "విన్నానే. నాకూ రక్తం మరిగింది. పెళ్ళివారిల్లని ఊరుకున్నాను" అన్నారు అందరూ. తెల్లవారేసరికి బావ శారా తల్లిని గాడిద అనడం నలభై మంది చెవులారా విన్న సంగతి అయిపోయింది.

దీనికంటే పెద్ద చిక్కు ఒకటుంది. అంతకు కొద్ది వారాల ముందే బార్సిలోనా పెద్దలు, ఇరవై అయిదేళ్ళు నిండనివాడెవడూ గ్రీకు జ్ఞానపు పుస్తకాలు ముట్టుకోరాదని, ముట్టుకుంటే వెలి అని ప్రకటించారు. మా ఊరి రబ్బీ హిజ్కియాగారు బార్సిలోనాలో తుమ్మితే ఇక్కడ చిరంజీవ అనే మనిషి. అదే వెలిని మా ఊళ్ళోనూ చాటించారు. కుర్రాళ్ళ మెదడు మెత్తగా ఉంటుందట, చెడ్డ మాట పడితే అచ్చు పడిపోతుందట. ఇరవై అయిదు నిండిన మర్నాటినుంచి బండబారుతుంది. ఆ తర్వాత ఏం చదివినా లోపలికి పోదు గనక ప్రమాదం లేదు.

వైద్యం చదివేవాళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది. దాంతో ఆ వారంలోనే మా ఊరి కుర్రాళ్ళందరికీ వైద్యం మీద భక్తి పుట్టింది. నక్షత్రాల పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేవాణ్ణి ఆపితే, "కాలేయం గురించండీ" అనేవాడు. భయపడ్డ ఇళ్ళవాళ్ళు కొందరు పుస్తకాలు తెచ్చి మా నాన్నకి ఇచ్చేశారు, గీకి మళ్ళీ రాతకు పనికొచ్చేట్టు చేయమని. ఆ వేసవంతా గ్రీకుల జ్ఞానం నా గోళ్ళకింద చేరింది. నాన్న ఆ పత్రాల్నే వెలి కావాలనేవాళ్ళకీ వద్దనేవాళ్ళకీ, రెండు పక్షాలకీ అమ్మాడు, ఒకరినొకరు తిట్టుకుంటూ ఉత్తరాలు రాసుకోవడానికి. "ఈ గొడవ ఇంకో రెండేళ్ళు సాగితే నీ పెళ్ళికి లోటుండదే" అన్నాడు.

హిజ్కియాగారు చెడ్డవారు కారు. మూత్రపిండాల్లో రాళ్ళు. ఆ నొప్పికి సింహం బొమ్మ చెక్కిన బంగారు బిళ్ళ ఒకటి నడుముకి కట్టుకునేవారు. సూర్యుడు సింహరాశిలో ఉండగా పోత పోయించాలి దాన్ని, లేకపోతే పనిచేయదు. అది విగ్రహం కాదా, ఆ రాశుల లెక్క గ్రీకులది కాదా అని ఒకసారి బావ అడిగాడు. "నొప్పి నీకు వచ్చినప్పుడు అడుగు నాయనా" అన్నారు. ఆ జవాబులో లోపం నాకేమీ కనపడలేదు.

సోమవారం విచారణ పెట్టారు. సమాజమందిరం వాకిట్లో. మేం ఆడవాళ్ళం బావి దగ్గర బిందెలు కడుగుతున్నట్టు నిలబడ్డాం. బిందెలు ఎప్పుడో మెరిసిపోయాయి.

"నువ్వు విన్నావా?" అని రబ్బీగారు మొదటి సాక్షిని అడిగారు. నూనె గానుగ దురాన్‌ని.

"విన్నానండీ. ఈ రెండు చెవులతో."

"ఏమన్నాడు?"

"మా ఆవిడ చెప్పినట్టే అన్నాడండీ."

అతని తర్వాతివాళ్ళూ అంతే. ఒకడు మాత్రం గాడిద అన్నాక బావ గాడిదలా ఓండ్ర కూడా పెట్టాడన్నాడు. అందరికంటే ఎక్కువసేపు నిద్రపోయింది వాడే.

బావ పక్షాన మాట్లాడటానికి వైద్యుడు సల్వాత్‌గారు లేచారు. గ్రీకు పుస్తకాల పక్షానికి ఆయనే పెద్ద. అరవై ఏళ్ళు, అంటే ఏదైనా చదవచ్చు. బావ అన్నది పదార్థం అని ఆయనొక్క మాట చెబుతారని నేను బిందె వదిలేసి చూశాను. కానీ ఆయన కూడా ఆ రోజు గోడకు జారగిలబడినవారే. ఆయనకూ ఇంట్లో ఒక భార్య ఉంది.

"అయ్యలారా! గాడిద అనగానే మీకు గాడిదే కనపడుతోంది. అదీ మన దౌర్భాగ్యం. ఇందులో గూఢార్థం ఉంది. గాడిదకు నాలుగు కాళ్ళు. నాలుగు భూతాలు! భూమి, నీరు, అగ్ని, గాలి. రెండు చెవులు. ఒకటి వినే బుద్ధి, ఒకటి గ్రహించే బుద్ధి. ఇక తోక..." అని ఆగి, కుర్రాళ్ళ వైపు చూసి, "తోక సంగతి ఇరవై అయిదు నిండినవాళ్ళకే చెప్పాలి" అన్నారు.

హిజ్కియాగారు ఓపిగ్గా విన్నారు. చివరికి తీర్పులాంటిది చెప్పారు. "తల్లిని దూషించడం నోటి తప్పు. నోటి తప్పుకి దారి ఉంది. తన చేత్తో ఒప్పుకోలు రాసిస్తే, నేను సభలో చదువుతాను. రెండు ఉపవాసాలుంటాడు. అయిపోతుంది. కానీ ఇది గ్రీకు పుస్తకాల్లోంచి తెచ్చిన మాటని తేలిందా, అది నా చేతిలో లేదు. వెలే. వాడితో ఎవరూ కూర్చోకూడదు, తినకూడదు. పిల్లనివ్వడం మాట దేవుడెరుగు. గాడిద మాట గ్రీకు పుస్తకాల్లో ఉందా సల్వాత్?"

సల్వాత్‌గారు ఉందని చెప్పబోయారు. ఆయన భార్య బావి దగ్గర్నుంచి గట్టిగా దగ్గింది. "నాకు తెలిసి లేదండీ" అన్నారు. అప్పుడు తట్టింది నాకు, ఆ పుస్తకాల్లో ఉన్నది గాడిద కాదు, పదార్థమేనని.

ఆ సాయంత్రం బావ మా పెరట్లోకి వచ్చాడు. ఈసారి ముక్కు మూసుకోలేదు. కోపంలో వాసన తెలిసినట్టు లేదు.

"మామయ్యా, గురువారం సభలో లేచి నిలబడతాను. నేనన్నది పదార్థం అని చెప్తాను. అరిస్టాటిల్ పుస్తకంలో ఎక్కడుందో కూడా చెప్తాను!"

నాన్న తోలు సాగదీస్తున్నవాడు చేయి ఆపాడు. "చెప్పు నాయనా. ఎక్కడుందో తప్పకుండా చెప్పు. వెలివేసేవాళ్ళకి శ్రమ తగ్గుతుంది."

"అబద్ధం చెప్పమంటావా?"

"నేనేమీ చెప్పమనడం లేదు. ఊరు నిన్ను గాడిద అన్నవాడివనుకుంటే నువ్వు నా అల్లుడివి. పదార్థం అన్నవాడివనుకుంటే, నా గుమ్మం తొక్కకూడదు. నువ్వు చదువుకున్నవాడివి, ఏది రూపమో ఏది పదార్థమో నువ్వే చూసుకో" అని నాన్న తోలు చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. పోతూ తలుపు తెరిచే ఉంచాడు, మా మాటలు వినపడేట్టు.

బావ సున్నపు తొట్టి అంచున కూర్చున్నాడు. "నేను చెయ్యలేను మైరోనా. సత్యం కోసమే గదా చదివింది. శారా తల్లిని గాడిదన్నానని నా నోటితో ఎలా చెప్పను?"

అతని మొహం చూస్తే జాలేసింది. ఒక్క మాట చాలు, మా పెళ్ళి లేదు. ఆ ఒక్క మాట అనడానికి అతను సిద్ధంగా ఉన్నాడు, పైగా అది నిజం. నా బతుకంతా ఒక నిజం అంచున వేలాడటం నాకంత నచ్చలేదు.

"నోటితో చెప్పమని ఎవరన్నారు బావా? చేత్తో రాయమన్నారు."

"రెండూ ఒకటే."

"ఎలా ఒకటి? గాడిద అని రాసి చూపించు."

పక్కనే పనికిరాని తోలుముక్క ఉంటే తీసి, బొగ్గుతో రాశాడు. హ, మ, ర.

"ఇప్పుడు పదార్థం అని రాయి."

బొగ్గు తోలుమీదికి వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. చాలాసేపు ఆ మూడు అక్షరాల్నే చూశాడు. "ఇది మోసం" అన్నాడు చివరికి.

"నువ్వు రాసింది నిజమేగా?"

"నిజమే."

"చదివేవాళ్ళు ఎలా చదువుతారో నీకేం సంబంధం? పుస్తకాల్లో గూఢార్థం చదివేవాళ్ళకే తెలియాలని నువ్వేగా చెప్పావు."

అతను నా వైపు కొత్తగా చూశాడు. పెళ్ళికి ముందు మగవాళ్ళు అలా చూడటం మంచిది కాదని మా మేనత్త అంటుంది, పిల్ల తెలివైందని తెలిస్తే బెదురుతారట. ఇతను బెదిరాడో లేదో తెలియలేదు. "సందర్భం చూసి హిజ్కియాగారు హోమెర్ అని చదివితే?" అన్నాడు.

అది నిజమే. ఆయన ఒక్కరికే మా ఊళ్ళో సందర్భం చూసే అలవాటుంది.

"అది నాకు వదిలెయ్" అన్నాను. ఎలాగో నాకూ తెలియదు.

గురువారం ఉదయం సభ. మగవాళ్ళు పైన, మేం కింద. ఈసారి ఎవరూ నిద్రపోలేదు, గాడిదని అందరూ మెలకువగా వినదలిచారు. నేను ముందే వెళ్ళి పెద్దమ్మ ముక్కాలిపీట పక్కన నేలమీద కూర్చున్నాను.

పైన బావ రాసిచ్చిన పత్రం విప్పిన చప్పుడు. రబ్బీగారి గొంతు. "నేను, ఫెర్రియర్, మా తల్లి శారాను..."

ఆగారు.

ఊచల్లోంచి రబ్బీగారి చెప్పుల అంచు కనపడుతోంది. ఒక చెప్పు నెమ్మదిగా పైకీ కిందికీ ఆడుతోంది. ఆయన చూసేశారు. మూడక్షరాలకీ రెండు దారులున్నాయని, ఒక దారి పెళ్ళికి, ఒక దారి వెలికి పోతుందని ఆయనకి తెలిసిపోయింది.

నేను పెద్దమ్మ చెవి దగ్గరకు వంగాను. "పెద్దమ్మా, ఆయన చదవలేకపోతున్నట్టున్నారు. ఆ రోజు మీరు తప్పు విన్నారేమో అని అనుమానం వచ్చిందేమో పాపం."

"నేనా? తప్పు విన్నానా?" పెద్దమ్మ పీట మీద లేచి నిలబడి ఊచలు పట్టుకుంది. "ఏవండీ రబ్బీగారూ! ఇంకా ఏం చూస్తారు? గాడిదే! గాడిద! చదవండి, మాకు ఇళ్ళ దగ్గర పొయ్యి మీద పప్పుంది!"

పైన ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆడవాళ్ళ సాక్ష్యం మాలో చెల్లదు. కానీ పెద్దమ్మ ఇచ్చింది సాక్ష్యం కాదు, రెండు అచ్చులు. అచ్చులు ఎవరిస్తే చెల్లుతాయో ఏ శాస్త్రంలోనూ రాసి లేదు.

చెప్పు ఆడటం ఆగింది.

"...గాడిద అన్నాను" అని రబ్బీగారు చదివారు, హాయిగా. "అది నా వయసుకు తగని మాట. క్షమించండి." పత్రం చుట్టేస్తూ, అందరికీ వినపడేట్టు, "వయసుకు తగనిదంటున్నాడు. ఇరవై అయిదు నిండాక అనొచ్చేమో మరి" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయనొక్కరే నవ్వారు. ఆ నవ్వు మధ్యలో అబ్బా అని నడుము పట్టుకున్న చప్పుడు వినపడింది. సింహం నిద్రపోయినట్టుంది.

బావ ఉపవాసాలున్నాడు. ఆ తర్వాత ఊళ్ళో అతనికి గాడిద ఫెర్రియర్ అనే పేరు స్థిరపడింది. వైద్యుడు సల్వాత్‌గారు గాడిద గూఢార్థం మీద పెద్ద గ్రంథమే మొదలుపెట్టారు, తోకకి ప్రత్యేకంగా ఒక అధ్యాయం. పత్రాలు మా నాన్న దగ్గరే కొన్నారు.

పర్ణశాలల పండుగ వెళ్ళాక మా పెళ్ళి జరిగింది. ముసుగు వేసేముందు పెళ్ళికూతురి తలమీద చేయిపెట్టి, మా జాతి తల్లులు శారా, రిబ్కా, రాహేలు, లేయాల్లా వర్ధిల్లమని దీవించడం ఆచారం. హిజ్కియాగారు చేయి పెట్టారు. "నిన్ను దేవుడు..." అన్నారు. తర్వాతి పేరు శారా అని గుర్తొచ్చి పెళ్ళివారందరూ నవ్వు రాకుండా ఒక్కసారే పెదవులు బిగించారు. బోనదోన పెద్దమ్మ ముందు వరసలో కళ్ళెర్రజేసి నిలబడి ఉంది.

"...రిబ్కా, రాహేలు, లేయాల్లా చేయుగాక" అని ఆయన ముగించేశారు. మా ఊళ్ళో శారా లేకుండా పెళ్ళయినదాన్ని నేనొక్కదాన్నే.

పెళ్ళయిన మూడో సబ్బాతు మధ్యాహ్నం బావ భోంచేసి చాప మీద ఒరిగి, ఉన్నట్టుండి అన్నాడు. "చూస్తూ ఉండు మైరోనా. ఇరవై అయిదు నిండనీ. నిండిన రోజే సభలో లేచి నిలబడి, నేనన్నది పదార్థం అని చెప్పేస్తాను. అప్పుడెవడు వెలివేస్తాడో చూస్తా."

"చెప్దువుగాని బావా" అన్నాను. "అప్పటికి నీకూ గోడకు జారగిలబడే వయసు వస్తుంది."

వంగి చూశాను. నిద్రపోతున్నాడు.